నేను కలిపిన ఉదాహరణ

సభల్లో హిందీ ఉపన్యాసాలను తెలుగులోకి మార్చి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలాగా చెప్పేవాడు మాత్రం ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో ఇంకొకడు లేడు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ఈ కథంతా ఆ గొప్ప తెచ్చిపెట్టిన తంటాయే.

నా పేరు తిరుపతిరావు. మాది ఉయ్యూరు దగ్గర చెరకు వేసే కుటుంబం. హిందీ పరీక్షలన్నీ రాసి, బెజవాడ వచ్చి, పటమటలో ఒక హైస్కూల్లో హిందీ మాస్టారుగా చేరాను. హిందీ మాస్టారంటే పిల్లలకి లోకువ. లెక్కల మాస్టారికి భయపడతారు, ఇంగ్లీషు మాస్టారిని గౌరవిస్తారు, హిందీ పీరియడు వచ్చేసరికి పక్కవాడి చొక్కాలో గడ్డిపురుగును వదులుతారు. ఆ లోటు నాకు సభల్లో తీరేది. ఉత్తరాది నుంచి ఏ పెద్దమనిషి వచ్చినా, ఏ పార్టీవాళ్లు పిలిచినా, వేదిక మీద రెండో మైకు ముందు నేనే ఉండేవాణ్ణి.

నా పద్ధతి చెబుతాను. వక్త ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. దాన్ని మనం తెలుగులో చెప్పి ఆగాలి. ఆయన "నేను" అంటే మనమూ "నేను" అనాలి. "వారేమంటున్నారంటే" అని మొదలుపెట్టేవాడి మాట జనం వినరు, బీడీలు వెలిగించుకుంటారు. ఆయన కోపగించుకుంటే మనమూ కోపగించుకోవాలి, ఆయన గొంతు బొంగురుపోతే మనదీ పోవాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నేను చేసేది ఇంకొకటి ఉంది. ఉత్తరాదివాళ్ల వాక్యం మనవాళ్లకి ఉప్పు లేని పప్పులా ఉంటుంది. దానికి నేనొక ఉదాహరణ కలుపుతాను. ఆయన గంగ అంటే నేను కృష్ణ అంటాను. ఆయన కరువు గురించి ఒక మాట చెప్పి ఆగితే, నేను ఆ మాట చెప్పి, కాలవలు కట్టేసిన ఏడాది నారుమళ్లు ఎండిపోయిన సంగతి గుర్తుచేస్తాను. చప్పట్లు పడేది అక్కడ. వక్త తన వాక్యానికే పడ్డాయనుకుని సంతోషిస్తాడు, నేనూ కాదనను.

స్వధర్మ సేవా సమితి వాళ్లతో నాకు పరిచయమైంది మాత్రం సభల వల్ల కాదు, ఉప్పెన వల్ల. డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ కొట్టుకుపోయినప్పుడు నేనూ, మా స్కూల్లో సైన్సు చెప్పే మరియదాసూ కలిసే వెళ్లాం. అతను వాళ్ల చర్చివాళ్లతో, నేను స్కూలు తరఫున బియ్యం మూటలతో. ఆ వారం రోజులూ చూసినవన్నీ చెప్పను. ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తే లేచిపోతాను. అక్కడ సమితి కుర్రాళ్లు ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఎవరూ ముట్టుకోని శవాలను ఎత్తారు. ఏ కులమని అడగలేదు, ఏ మతమని అడగలేదు. వాళ్లలో ఒకడు భుజం మీద తువ్వాలు తీసి, అందులో ఒక పసిపిల్లను చుట్టి, రెండు చేతుల మీదా పడుకోబెట్టుకుని గట్టు దాకా నడిచాడు. తల వేలాడిపోకుండా మోచేతి మీద ఆనించి మరీ పట్టుకున్నాడు. బతికున్న బిడ్డని ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వీళ్లు ఎప్పుడు పిలిచినా వెళ్తాను అనుకున్నాను. ఏడాది తిరిగాక పిలిచారు, వెళ్లాను.

ఆ ఉప్పెన రోజుల్లోనే ఒక సాయంత్రం నాగాయలంక దగ్గర కాలవగట్టు మీద మరియదాసూ నేనూ కూలబడి ఉన్నాం. ఇద్దరికీ ఒళ్లు హూనమైపోయింది. అతను ఉన్నట్టుండి వాళ్లమ్మ సంగతి ఎత్తాడు.

"మా అమ్మ అప్పట్లో ఈ దివిలోనే ఉండేది తిరుపతీ. నలభై తొమ్మిది గాలివానకి గుడిసె పోయింది. చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల. అమ్మకి తిండి లేక పాలు ఎండిపోయినయ్యి. మిషను సిస్టరమ్మ ఒకావిడ పాలపిండి డబ్బా ఇచ్చింది. అందుకే కాలేజీలో నన్ను పాలపిండి క్రిస్టియన్ అనేవాళ్లు." నవ్వాడు. "అసలు సంగతి అది కాదనుకో. ఆ తరవాత ఏమైందంటే..."

అప్పుడే బియ్యం లారీ వచ్చిందని కేకేశారు. నేను లేచి వెళ్లాను. మిగతాది అతను మళ్లీ చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు.

మరియదాసు వాళ్లమ్మ అమలమ్మగారు మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. పటమట సెంటరు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. ఆదివారాలు ఆవిడ గుళ్లో, అంటే వాళ్ల చర్చిలో, పూజ నుంచి వచ్చి చేపల పులుసు పెట్టేది. ఏడేళ్లు తిన్నాను ఆ పులుసు. మొదట్లో మా నాన్నకి తెలియకుండా, తరవాత తెలిసే తిన్నాను. నాకు పట్టింపులు లేవని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా. ఆవిడ నన్ను "బాబూ" అని పిలిచేది. పొయ్యి పక్కనే పీట వేసి, ముల్లు తీసిన ముక్క నా కంచంలోకి జరిపేది.

ఇక సభ సంగతి. డెబ్భై తొమ్మిది ఫిబ్రవరి. ఆశపెట్టి మతం మార్చకూడదంటూ ఢిల్లీలో బిల్లు పెట్టిన రోజులు. చర్చిలవాళ్లు ఊరేగింపులకి సిద్ధమవుతున్నారు, సమితివాళ్లు బిల్లు కావాలని సభలు పెడుతున్నారు. పటమట సెంటర్లో సభకి విశ్వంభర్‌జీ అనే పెద్దాయన వచ్చాడు. సమితి కార్యదర్శి వెంకటప్పయ్యగారు, బట్టల కొట్టాయన, మనిషి నెమ్మదస్థుడు, సందుసందుకీ స్తంభాలకి మైకు హారన్లు కట్టించాడు.

విశ్వంభర్‌జీ మంచి వక్త. ఎవరినీ తిట్టడు. గొంతు పెంచడు. ఇల్లు, తల్లి, దొంగ, తాళం, ఇలాంటి చిన్న మాటలతోనే గంటన్నర మాట్లాడగలడు. అన్నదమ్ములు అలిగి ఇల్లు విడిచి వెళ్లారు, తలుపు తీసి ఉంచుదాం, అంటాడు. వాక్యం వాక్యంగా విడదీసి చూస్తే తప్పు పట్టడానికేమీ ఉండదు. ఆయన "వాళ్లు" అంటాడు. వాళ్లు వచ్చారు, వాళ్లు ఇచ్చారు, వాళ్లు తీసుకున్నారు. వాళ్లెవరో ఎక్కడా చెప్పడు. ఆ ఖాళీలో ఎవరి మొహం పెట్టుకోవాలో వినేవాడికే వదిలేస్తాడు. ఇదంతా నాకు తరవాత తట్టింది. ఆ రోజు మాత్రం ఇంత వట్టి ఉపన్యాసం జనం ఎలా వింటారు, వీటికి ఏం కలపాలి అన్నదే నా ఆలోచన.

ఏడు గంటలవుతుండగా ఆయన ఒక వాక్యం చెప్పి ఆగాడు. నేను తెలుగులో చెప్పాను. "ఆకలైనవాడికి అన్నం పెట్టడం ధర్మం. అన్నం పెట్టి వాడి దేవుణ్ణి లాక్కోవడం బేరం."

జనంలో చలనం లేదు. వెనక వరసల్లో ఇద్దరు లేచి వెళ్తున్నారు. నా నోరు దానంతటదే అందుకుంది.

"దూరం ఎందుకు? మన పటమటలోనే ఉంది ఒక తల్లి. నలభై తొమ్మిది గాలివానలో గూడు పోయింది. చంకలో ఎనిమిది నెలల పసికందు, పాల కోసం గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ తల్లి చేతిలో ఒక్క డబ్బా పాలపిండి పెట్టి, నుదుటి మీద బొట్టు తుడిపించారు. ఒక్క డబ్బా! మన ఆడబిడ్డ నుదుటికి కట్టిన వెల ఒక్క డబ్బా!"

 అప్పుడు పడ్డాయి చప్పట్లు. లేచి వెళ్తున్న ఇద్దరూ వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు పైటచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. బొట్టు సంగతి మరియదాసు చెప్పలేదు. అది నేను అప్పటికప్పుడు కల్పించాను. నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు.

సభ అయ్యాక విశ్వంభర్‌జీ నా భుజం మీద చెయ్యి వేసి, అన్ని చప్పట్లు పడ్డచోట ఏం చెప్పారని హిందీలో అడిగాడు. చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఇంటికి వస్తే మా ఆవిడ సుబ్బరత్నం కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. మా ఇంటి దాకా వినపడుతుంది సెంటర్లో మైకు.

"ఆ తల్లి అమలమ్మగారేనా?" అంది.

"నేను పేరు చెప్పలేదు."

"పేరు చెప్పకపోతే? నలభై తొమ్మిదిలో దివి నుంచి వచ్చినోళ్లు పటమటలో పదిమంది ఉన్నారా?"

"సభలో ఉదాహరణలు చెబుతాం. ప్రతిదానికీ ఇంట్లో విచారణేంటి?"

"ఏడేళ్లు ఆవిడ చేతి కూడు తిన్నావు కదయ్యా" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. మజ్జిగ పొయ్యలేదు. నేనూ అడగలేదు.

స్కూల్లో మధ్యాహ్నం మరియదాసూ నేనూ క్యారేజీలు మార్చుకుని తినడం అలవాటు. అతని డబ్బాలో వాళ్లమ్మ పచ్చడి నాకు, నా డబ్బాలో సుబ్బరత్నం వేపుడు అతనికి. మర్నాడు అతను తన డబ్బా మూత తియ్యకుండా కూర్చున్నాడు. స్టాఫ్‌రూములో అందరూ ఉన్నారు. నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"మీవాళ్లు హారను కట్టింది మా గుమ్మం ముందు స్తంభానికే. అమ్మ మొత్తం విన్నది."

"నేను పేరు చెప్పలేదు దాసూ."

"చెప్పలేదు. పొద్దున పంపు దగ్గర ఆడవాళ్లు చెప్పారు, మొహం మీద. ఆ బొట్టు ముక్క ఎక్కడిది?"

నేను నా డబ్బా అతని వైపు జరిపాను.

"మిగతాది వినకుండానే లేచి పోయావుగా ఆ రోజు. ఇప్పుడు నేను చెప్పను. కావాలంటే వెళ్లి ఆవిణ్ణే అడుగు." డబ్బా అలాగే సంచిలో పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోయాడు.

వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు మీద కోపం వచ్చింది. పేరైతే చెప్పలేదు కదా అని నాలో నేనే వందసార్లు అనుకున్నాను. వీడికింత రోషమేమిటి, చెప్పింది వీడే కదా, పాలపిండి మాట నేను పుట్టించానా అనుకున్నాను. ఆ ఆదివారం ఆ సందు వైపు పోకుండా చుట్టు తిరిగి బజారుకి వెళ్లాను.

పన్నెండు రోజుల తరవాత మైలవరంలో సభ. వెంకటప్పయ్యగారి కార్లో తీసుకెళ్లారు. ఊరి నిండా జనం, చాలామంది పొలం పనుల్లోంచి తలగుడ్డలతోనే వచ్చారు. విశ్వంభర్‌జీ మొదలుపెట్టాడు. ఇల్లు, తల్లి, తలుపు. నేను చెబుతున్నాను. అరగంట గడిచాక ఆయన గొంతు తగ్గించి హిందీలో, "విజయవాడలో ఒక తల్లి ఉంది" అన్నాడు.

 ఆయన చెబుతున్నది నా ఉదాహరణే. కానీ పన్నెండు రోజుల్లో అది బాగా ఎదిగింది. ఇప్పుడందులో ఒక ఫాదరు ఉన్నాడు. డబ్బాని ఎత్తి పట్టుకున్నాడు. పిల్ల ఏడుస్తుంటే, ముందు బొట్టు తుడువు, తరవాతే డబ్బా అంటున్నాడు. తల్లి కాళ్ల మీద పడుతోంది. ఆయన వాక్యానికొకసారి ఆగి నా వైపు చూస్తున్నాడు, ఇది నీ సొమ్మే సుమా అన్నట్టు ఆప్యాయంగా చూస్తున్నాడు.

నేను ఆ మైకు దగ్గర ఆగిపోయానని, తిరగబడ్డానని చెప్పుకోవాలని ఉంది. ఆగలేదు. ఆయన ఒక్కొక్క వాక్యం చెప్పాడు, నేను ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను. ఫాదరుని చెప్పాను, కాళ్ల మీద పడటాన్ని చెప్పాను. నోటికి అలవాటైపోయింది. చప్పట్లు పటమటలో కంటే ఎక్కువ పడ్డాయి.

సభ అయ్యాక వేదిక మెట్ల దగ్గర ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పేరు రత్తయ్య అని చెప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యగారూ, ఇంతకీ ఆ బిడ్డ బతికిందాండీ?"

విశ్వంభర్‌జీ ఏమంటున్నాడని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, బతికిందా అని. వెంకటప్పయ్యగారు కూడా నా వైపే చూశారు. ముగ్గురూ నా జవాబు కోసం నిలబడ్డారు.

నాకు తెలియదు.

రెండు ఊళ్లలో వేలమందికి చెప్పిన కథ. దానికి మధ్యలో ఉన్నదే ఆ పిల్ల. ఆ పిల్ల బతికిందో లేదో నాకు తెలియదు. అప్పుడు తట్టింది. మరియదాసుకి అక్క లేదు. ఏడేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. పండక్కి వచ్చే ఆడపడుచు లేదు, గోడ మీద ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఆ ఇంటికి ఒక్కడే కొడుకని నాకు తెలుసు. ఎనిమిది నెలల ఆడపిల్ల ఉండేదనీ తెలుసు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

"తెలియదండీ" అన్నాను.

"కనుక్కోలేదా?" అన్నాడు రత్తయ్య. అందులో నిందేమీ లేదు. వట్టినే అడిగాడు. తలగుడ్డ చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. అమలమ్మగారు గుడి నుంచి వచ్చే వేళకి వెళ్లాను. మరియదాసు గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు గానీ రమ్మనలేదు. ఆవిడ మాత్రం లేచి ముందుగదిలో కుర్చీ వేసింది.

"కూర్చోండి పంతులుగారూ" అంది.

ఆ ఇంట్లో నాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు. పంతులుగారూ అనడమూ అదే మొదలు. చెంప మీద కొట్టి ఉంటే ఇంతకంటే సుఖంగా ఉండేది. లోపల పులుసు కాగుతున్న వాసన వస్తోంది. పీట గోడకి ఆనించి ఉంది.

"అమ్మా, ఆ పాప..." అన్నాను. తరవాత మాట రాలేదు. వేలమంది ముందు తడుముకోని నోరు.

ఆవిడ కింద కూర్చుంది. 

"సిస్టరమ్మ డబ్బా ఇచ్చినప్పుడు ఏమీ అడగలా. అందరికీ ఇచ్చింది. మా గూడెంలోనూ ఇచ్చింది, ఊళ్లో పెద్దిళ్లలో పిల్లలున్నోళ్లకీ ఇచ్చింది. మూడు రోజులు తాగింది పిల్ల. నాలుగో రోజు వాంతులు పట్టుకున్నయ్యి. పొద్దుగుంకేలోపు పోయింది. మా ఆయన జొరంతో లేవలేడు. చుట్టూ నీళ్లు. మా వల్లకాడు మునిగిపోయింది. మెరకన ఉన్నయ్యన్నీ ఆసాముల కళ్లాలు. అక్కడ మా శవాల్ని పెట్టనియ్యరుగా. ఎవరినని అడగను? ఎవరి శవాలు వాళ్లకి ఉండినయ్యి. ఒళ్లో పెట్టుకుని ఒక రాత్రీ ఒక పగలూ కూచున్నా."

మరియదాసు గుమ్మంలోంచి కదల్లేదు.

"సిస్టరమ్మ వచ్చింది. నీళ్లు కాచి పిల్లకి తానే స్నానం చేయించింది. నెత్తి మీద తెల్లగుడ్డ తీసి దాంట్లో చుట్టింది. మోకాలి లోతు నీళ్లలో గట్టు దాకా ఎత్తుకుపోయింది. నన్ను పట్టుకోనిచ్చింది కాసేపు, మళ్లా తను తీసుకుంది. తనే తవ్వింది. మా గూడెం పిల్లని ఎవరూ అట్లా ముట్టుకోవడం నేను ఎరగను, పంతులుగారూ. బతికున్నప్పుడు కూడా."

నేను తల దించుకున్నాను.

"డబ్బాలో సగం పిండి మిగిలింది. తీసుకెళ్లి తిరిగి ఇచ్చేశా. ఎవరికన్నా పోయమ్మా అన్నా. ఆరు నెల్లకి నేనే వెళ్లి అడిగా, నన్ను మీలో కలుపుకోండి అని. ఎందుకన్నారు. ఊరికేనే అన్నా. అదీ సంగతి. నా బొట్టు ఎవరూ తుడవలా. గుడికి కూడా బొట్టుతోనే పొయ్యేదాన్ని. మా ఆయన పోయినరోజు మావోళ్లే తుడిచారు, మీ ఇళ్లల్లో తుడిచినట్టే."

నాకు దివిసీమ గట్టు మీద ఆ కుర్రాడు కనిపించాడు. తువ్వాలు, మోచేతి మీద ఆనించిన తల. నేను సమితి పిలిస్తే వెళ్లింది దేనికో, ఈవిడ గుడికి వెళ్లిందీ దానికే. ఎవరికీ కాని బిడ్డను ఎవరో ఎత్తుకున్నారు, అంతే. నేను చేస్తే అది గుండె కరగడమైంది, ఆవిడ చేస్తే బేరమైంది. ఆవిడది బేరమన్నది విశ్వంభర్‌జీ కూడా కాదు. ఆయన "వాళ్లు" అని ఊరుకున్నాడు. ఆ ఖాళీలోకి ఈవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది నేను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు.

"నన్నేం చెయ్యమంటారమ్మా?" అన్నాను చివరికి.

"మీరు మైకులో చెప్పారు. నాకు మైకు లేదుగా" అంది.

ఆ సాయంత్రమే వెంకటప్పయ్యగారి కొట్టుకి వెళ్లాను. వచ్చే సభలో అయిదు నిమిషాలు ఇవ్వమని అడిగాను. జరిగినదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా.

"పాపం ఆవిడ సంగతి అట్లా జరిగి ఉండొచ్చు మాస్టారూ. కాదనను. కానీ ఇంకెక్కడో మనం చెప్పినట్టే జరిగి ఉండదా? ఉదాహరణ అన్నాక మనిషిని బట్టి చూసుకోకూడదు. ఇప్పుడు మీరు మైకెక్కి అది తప్పంటే, మొత్తం బిల్లే తప్పనుకుంటారు జనం. నాలుగు రోజులు పోతే ఆవిడే మర్చిపోతుంది."

"ముప్ఫయ్యేళ్లయింది. మర్చిపోలేదండీ."

ఆయన బట్టల తాను మడతపెడుతూ, "మీకు ఒంట్లో బాగాలేనట్టుంది. గుడివాడ సభకి ఇంకొకర్ని చూస్తాంలెండి" అన్నాడు. ఆ రోజుతో నా రెండో మైకు పోయింది. ఉదాహరణ మాత్రం పోలేదు. గుడివాడలో, బందరులో, ఇంకా పైన ఏయే ఊళ్లలోనో దాన్ని చెప్పారు. ఎవరో ఒకరు దానికి ఇంకొంచెం కలిపే ఉంటారు.

మంగళవారం సాయంత్రం ఆఫీసులవాళ్లు ఇళ్లకి వచ్చే వేళకి నేను అమలమ్మగారి సందుకి వెళ్లాను. వద్దన్నా సుబ్బరత్నం వెంట వచ్చింది. స్తంభానికి హారను కట్టిన తాడుముక్క ఇంకా వేలాడుతోంది. దాని కింద నిలబడ్డాను. అమలమ్మగారు అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"అమ్మా, నాకు గొంతుంది. మీరు ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగండి. నేను చెబుతాను" అన్నాను.

ఆవిడ నన్ను పరకాయించి చూసింది. చేట పక్కన పెట్టింది. మరియదాసు లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.  ఆవిడ పక్కింటివాళ్లతో మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది.

"నలభై తొమ్మిదిలో మేం దివిలో ఉండేవాళ్లం."

"నలభై తొమ్మిదిలో మేం దివిలో ఉండేవాళ్లం" అన్నాను, సందు చివరికి వినపడేలా.

పంపు దగ్గర బిందెలు ఆగాయి. సైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టాడు. పక్క సందుల నుంచి ఒక్కొక్కరే వచ్చారు. బొట్టు పెట్టుకున్నవాళ్లూ వచ్చారు, మెళ్లో సిలువ వేసుకున్నవాళ్లూ వచ్చారు. మొత్తం యాభై మంది ఉంటారేమో. సభకి వచ్చినవాళ్లలో వందో వంతు కూడా కాదు. ఆవిడ చెప్పి ఆగుతోంది, నేను చెప్పి ఆగుతున్నాను. ఆవిడ "నేను" అంటే నేనూ "నేను" అంటున్నాను. సిస్టరమ్మ తలగుడ్డ తీసిన చోట నా నాలుక దురద పెట్టింది. దివిసీమ కుర్రాడి తువ్వాలు నోటి దాకా వచ్చింది. చప్పట్లు పడేచోటే అది. ఆవిడ నా వైపు చూస్తోంది. మింగేశాను. ఒక్క మాట కూడా కలపలేదు.

"సగం పిండి మిగిలితే తిరిగి ఇచ్చేశా."

"సగం పిండి మిగిలితే తిరిగి ఇచ్చేశా."

ఇంక అయిపోయిందనుకున్నాను. జనం కూడా అలాగే అనుకుని కదలబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆగమంది. మరియదాసు వైపు ఒకసారి చూసింది. అతని మొహం చూస్తే, ఆవిడ ఏం చెప్పబోతోందో అతనికి కూడా తెలియదనిపించింది.

"నా బిడ్డ పేరు మణెమ్మ" అంది.

ఆ పేరు అడగాలని నాకు అంతవరకూ తోచలేదు.  ఆవిడ తొందరపెట్టకుండా, వక్తలు ఆగినట్టే, నా కోసం ఆగింది.

"నా బిడ్డ పేరు మణెమ్మ" అన్నాను.